చల్దిముద్ద : బాలుర విందు

దశమస్కంధమున అఘాసురవధకును, బ్రహ్మ లేఁగలను మఱుఁగుపఱచిన కథకును నడుమ నొక చిన్న విందు గలదు. కొండచిలువ రూపున నోరు తెఱచికొనియున్న రక్కసుని కడుపులోనికిఁ బోయి, బ్రదికి వెలికి వచ్చిన గొల్లపిల్లవాండ్రు యమునయొడ్డున ఇసుకతిన్నెమీఁద గుండ్రముగాఁ గూర్చుండి, యిండ్లనుండి తెచ్చికొన్న చల్దులు విప్పి తినిరి. అచ్చటఁ బెద్దలు లేరు, వడ్డించువారు లేరు, నాఁడు పండుగ గాదు, వ్రతము గాదు. తెలుఁగు వాఙ్మయమున బాలురు తమంతఁ దాము చేసికొన్న విందులలో నింత ప్రసిద్ధి కెక్కినది మఱియొకటి లేదు. పదునేనవ శతాబ్దమున బమ్మెర పోతన్న వ్రాసిన యీ కొలఁది పద్యములు పాఠ్యపుస్తకముల కెక్కినవి. పిల్లల నోళ్ల కెక్కినవి. బాలలకై వచనమున వ్రాయఁబడిన కృష్ణకథలు పెక్కింటికి మూలమైనవి.

అయినను ఈ విందులోని ముఖ్యపదార్థమునకుఁ బిల్లల పుస్తకములలోఁ బట్టిన గతి విచారింపఁదగి యున్నది. కొన్ని కథలలో గొల్లపిల్లలు "భోజనము" చేయుదురు. కొన్నింట "ఫలాహారము" చేయుదురు. పిండివంటలు తినిపించినవారును లేకపోలేదు. చల్ది యను మాటను విడువక యుంచినవారు కొందఱు దానిక్రింద "పాచి యన్నము" అని యర్థము వ్రాసి యూరకుండిరి. మొదటివారు పదార్థమును మార్చిరి. రెండవవారు పదార్థము నుంచి రుచిని జంపిరి. ఇందువలనఁ గలిగిన నష్ట మెంతటిదో తెలియవలెనన్నచో, పోతన్న యీ ఘట్టమున నేమి చేసెనో మూలముతోఁ బోల్చి చూడవలసి యున్నది.

సంస్కృతభాగవతమున నిది దశమస్కంధమందలి 12, 13 యధ్యాయములలోఁ గలదు. హరివంశమున బ్రహ్మ లేఁగలను దాఁచిన కథయే లేదు గనుక, పదునాలుగవ శతాబ్దమున దానిని దెనిఁగించిన యెఱ్ఱనకు నీ విందును వర్ణించు నవకాశము గలుగలేదు. మూలమునఁ గృష్ణుఁ డొకనాఁ డడవిలోఁ దినవలెనను కోరికతో వేకువనే లేచి, కొమ్మూఁది చెలికాండ్రను మేలుకొల్పును. వారు తిండి నుంచిన చిక్కములు పట్టుకొని లేఁగలను దోలుకొని పోవుదురు. దారిలో నొకరి చిక్కమొకరు దొంగిలింతురు. సొమ్ముగలవాఁడు కనుఁగొన్నంతనే దానిని దూరముగా నింకొకనికి విసరుదురు. అక్కడివాఁడు మఱింత దూరమునకు విసరును. తుదకు నవ్వుచుఁ దిరిగి యిత్తురు. విందునకు ముందే విందులోని సగము సంతోషము జరిగిపోయినది. బాలుర స్వభావము నెఱిఁగినవాఁడు గాని యిట్లు వ్రాయఁజాలఁడు. ఈ గుణము మూలకర్తదే కాని పోతన్న చేర్చినది గాదని మొదటనే యొప్పుకొనవలెను. అభిమానముచేత మూలములోని సొమ్మును గూడఁ దెలుఁగుకవి మూటలోఁ గట్టుట విమర్శకునకుఁ దగదు.

పిల్లలు కూర్చున్న తీరును మూలమునుండి వచ్చినదే. తామరదుద్దు చుట్టును రేకులవలె వారు కృష్ణునిచుట్టు వరుసలు వరుసలుగాఁ గూర్చుండిరి. కంచముల పట్టికయు నట్టిదే. మూలమునఁ బూవులు, ఆకులు, చిగుళ్లు, మొలకలు, పండ్లు, చిక్కములు, చెట్టుపట్టలు, ఱాళ్లు నని యెనిమిదివిధములైన కంచములు గలవు. పోతన్న మొలకలను బండ్లను బట్టలను విడిచి, గడ్డిని దీఁగలను జేర్చికొని యేడుతో సరిపెట్టెను. ఇంతవఱకు నతఁ డనువాదకుఁడు.

తక్కిన పిల్లల తిండికి మూలకర్త కొక్క శ్లోకము చాలినది. అందఱును దమతమ తిండి రుచులను వేఱువేఱుగా నొండొరులకుఁ జూపుకొనుచు, నవ్వుచు, నవ్వించుచుఁ దినిరని యాయన చెప్పి ముందునకు సాగెను. ఆ చూపుకొనుట యను నొక్క క్రియనుండి పోతన్న యొక సీసమును దీసెను. అందు నొక్కఁడు మాటిమాటికి వ్రేలు మడిచి యెదుటివాని నూరించుచు నూరుఁగాయ తినును. ఒకఁడు ప్రక్కవాని కంచములోనిది లాగి మ్రింగి, ఏమియు లేదని నోరు తెఱచి చూపును. ఒకఁడు పందెము వేసి యైదాఱుగురి చల్దులు కూరుకొని కూరుకొని తినును. పంచిపెట్టుటయే స్నేహ మని యొకఁడు నీతి చెప్పును. పిల్లలలో నిట్లు చెప్పువానికిఁ దన భాగ మప్పటికే యైపోయి యుండుట యెల్లరు నెఱిఁగినదే. ఇంకొకఁడు "అదిగో కృష్ణుఁడు" అని యెదుటివాని చూపు మరల్చి వానిముందున్న మంచి భక్ష్యములు మెసవును. ఇందొక్కనికిని బేరు లేదు. అయినను పద్యము ముగియునప్పటి కందఱును మనవీథిలోని పిల్లలే యగుదురు.

ఈ చేష్టలలో ముఖ్యమైనవానికి ఊరుఁగాయయు చల్దియు నాధారములు. వ్రేలు మడిచి యూరించుట యూరుఁగాయతో జరుగును, పాయసముతో జరుగదు. ఐదుగురి పాలు పందెము గెలిచి తినుట ముద్దగాఁ గట్టిన యన్నముతో జరుగును. "ఫలాహారము" అని వ్రాసిన రచయిత కీ చేష్టలు దొరకవు. అందుచేతనే యట్టి పుస్తకములలో గొల్లపిల్లలు బుద్ధిమంతులై వరుసగాఁ గూర్చుండి, మాటాడక తిని, చేతులు కడుగుకొని లేతురు. పదార్థమును మార్చినచోఁ బాత్రలును మాఱుదురు.

తరువాత గృష్ణుని వర్ణనము. ఇక్కడ శబ్దవిచారము కొంత చేయక తప్పదు. మూలమునఁ గృష్ణుని యెడమచేతఁ గల దానికి మసృణకవళ మని పేరు. వ్రేళ్లసందులలో నున్నవి తత్ఫలములు. మసృణ మనఁగా నున్ననిదని సామాన్యార్థము చెప్పి సాగిపోవుట సులభము. కాని యమరసింహుఁడు మసృణశబ్దమును జిక్కణ, స్నిగ్ధ శబ్దములతోఁ బర్యాయముగా వైశ్యవర్గమున, తినుపదార్థములను బేర్కొను తావునఁ జదివెను. కాఁబట్టి యది చేతికి నున్ననిది యన్నమాట గాదు. చమురుగలది, జిడ్డుగలది, స్నేహద్రవ్యముతోఁ గూడినది. వ్యాఖ్యాతలు పెరుఁగన్నపు ముద్ద యని యర్థము చెప్పిరి. ఆ యర్థమునకు భాగవతమునందే సాక్ష్యము గలదు. ఇరువదవ యధ్యాయమున వర్షర్తువర్ణనమునఁ గృష్ణుఁడు నీటియొద్ద ఱాతిమీఁదఁ గూర్చుండి చెలికాండ్రతోడను బలరామునితోడను దధ్యోదనము తినెనని స్పష్టముగాఁ జెప్పఁబడినది. పోతన్న యీ ముద్దను మీఁగడపెరుఁగుతోఁ గలిపెను. మీఁగడ యేల? వట్టి పెరుఁగన్నచోఁ దధ్యోదన మగునేకాని మసృణశబ్దము వ్యర్థమగును. మీఁగడ చేరినప్పుడే స్నిగ్ధత వచ్చినది. తల్లిమాటవంటి యా తెలుఁగుమాట వెనుక నింత నిఘంటుజ్ఞానము గలదని పైకిఁ దెలియదు. అదియే దాని గొప్ప.

ఇఁక తత్ఫలములు. ఇచటి తచ్ఛబ్దము కవళమును బరామర్శించుచున్నది; షష్ఠీతత్పురుషము. దాని ఫలము లనఁగా నా కవళమునకుఁ దగిన, దానికి నంజుకొనఁదగిన కాయలు. కొందఱు తచ్ఛబ్దమును బట్టించుకొనక పండ్లు అని వ్రాసిరి. పెరుఁగన్నపుముద్దను జేతఁబట్టుకొని యరఁటిపండు వ్రేళ్లసందున నిఱికించుకొనుట కృష్ణునకైనను గష్టమే. వ్రేళ్లసందున నిలుచునది ముక్క. ముద్దకుఁ దగిన ముక్క యూరుఁగాయ. ఇది పోతన్న స్వతంత్రించి చేసిన మార్పని యెన్నువారు గలరు. మార్పు గాదు, సమాసమును విప్పి చూచినచో నీ యర్థమే తేలును. తెలుఁగింట పుట్టినవాఁడు గావున నా యర్థము నతఁడు వెదకుకొనవలసిన పని లేకపోయినది.

మార్పు వేఱొకచోటఁ గలదు. ఆ యూరుఁగాయలను గృష్ణుఁడు కొసరి తెచ్చెను. కొసరుట యనఁగా నిచ్చినదానిమీఁద నింకను గొంచెము పెట్టుమని వేఁడుట. అంగడిలోఁ గొలిచి పోసినపిదప మఱియొక పిడికెఁ డడుగుటకును నిదే మాట. మూలమున నీ యర్థమునకు సూచనయైన లేదు. ఆ యొక్క క్త్వార్థకముతో నింటిలోని యశోదయు, జాడీయు, చేయి చాఁచి నిలిచిన పిల్లవాఁడును, "ఇంక చాలు" అను మాటయు, ఆపై నామె వేసిన మఱియొక ముక్కయు నడవిలోనికి నడచి వచ్చినవి. పెద్దలు లేని విందునఁ దల్లి యీ విధముగా మాత్రమే ప్రవేశించినది. ఈ మాటకు "తెచ్చిన" అని మాత్రము ప్రతిపదార్థము వ్రాసి విడుచు నుపాధ్యాయుఁడు పద్యములోని తల్లిని వెలివేసినవాఁ డగును.

యెడమచేతి మాటయుఁ గొంత చెప్పవలెను. తక్కినవారికి ఱాళ్లో యాకులో కంచములు గలవు, కృష్ణునికి లేదు. అఱచేయియే కంచము. ఎడమ యఱచేత ముద్దను నిలిపికొని, కుడిచేతఁ గొంచెము కొంచెముగాఁ దీసికొని, వ్రేళ్లసందులలోని ముక్కను నంజుకొనుట పసులకాపరుల యలవాటు. "ఎడమచేత నేల తినెను?" అని పిల్లలు తఱచుగా నడుగుదురు. తినలేదు, పట్టుకొనెను. ఇది చేసి చూపినఁ గాని తెలియదు; చేసి చూపినచో మఱవరు.

ఇచ్చట ధర్మశాస్త్రమెఱిఁగినవారి యాక్షేప మొకటి గలదు. చల్ది యనఁగా రాత్రి యన్నము. నిఘంటుకారులు పర్యుషితాన్న మనిరి. భగవద్గీత 17వ యధ్యాయమునఁ బర్యుషితమును దామసులకుఁ బ్రియమైన యాహారములలోఁ జేర్చినది. గీత చెప్పినవానిచేతనే చల్ది తినిపించుట యెట్లు? మూలమునఁ బర్యుషితశబ్దము లేదే. దీనిని గొనితెచ్చికొన్నవాఁడు పోతన్నయే కదా? ప్రశ్న యుక్తమైనదే. సమాధానమును స్మృతులలోనే కలదు. మనుస్మృతి యైదవ యధ్యాయమునఁ బులిసినవానిలో పెరుఁగును, పెరుఁగువలనఁ గలిగినదియుఁ దినఁదగిన వనియు, స్నేహద్రవ్యముతోఁ గూడిన భక్ష్యము పర్యుషితమైనను దోషము లేదనియుఁ గలదు. యాజ్ఞవల్క్యుఁడును స్నేహముతోఁ గూడిన పర్యుషితాన్నమును భోజ్య మనెను. మీఁగడయుఁ బెరుఁగును గలిసిన చల్దిముద్ద యీ రెండు వాక్యములకును లోఁబడినది. పూరీ జగన్నాథునకు నీటిలో నుంచిన యన్నము పఖాళ మను పేర నివేదింపఁబడుచున్నది. ఒడియావారు మార్చి 20వ తేదిని బఖాళదినముగాఁ బాటింతురు. ఆక్షేప మిట్లు తీఱినది. కాని పోతన్న స్మృతిని దిరుగవేసి మీఁగడ కలిపెనని యెవ్వఁడును అనుకొనఁబోఁడు. మీఁగడపెరుఁగు వేసిన చల్ది రుచిగా నుండును గనుక నతఁడు కలిపెను. శాస్త్ర మతని రుచిని సమర్థించినది, అంతమాత్రమే.

"పాచి యన్నము" అను టిప్పణమును గూర్చి యిప్పుడు చెప్పవచ్చును. చలి యను ప్రకృతిమీఁద నేర్పడిన చలిదిశబ్దము నడిమి యికారము లోపించి చల్ది యయ్యెను. వర్ణసామ్యముచేఁ జద్ది యయ్యెను. అన్నశబ్దముతో నిత్వసంధి కలిగి నేఁటివాడుకలోఁ జద్దన్న మైనది. చల్లనిది యని యవయవార్థము. కన్నడమునఁ దంగళు అను మాటకును జల్లని కూడనియే యర్థము. తమిళు లదే పదార్థమును బాతది యను నర్థమున బళయదు అందురు. ఒకే యన్నమును మన మంటుకొని చూచి పేరు పెట్టితిమి; వారు కాలమును లెక్కించి పేరు పెట్టిరి. పాచి యను మాటలో నీ చల్లఁదనము లేదు; చెడినదను నీచార్థము మాత్రము గలదు. రాత్రి మిగిలిన యన్నమునఁ జల్లయో నీరో పోసి యుంచఁగా, సూక్ష్మజీవులచేఁ దెల్లవాఱునప్పటికిఁ గొంచెము పులుపెక్కును. ఉల్లిపాయయో యూరుఁగాయయో తోడుగాఁ దిని పొలమునకుఁ బోవుట యాచారము. ఆ వేళకుఁ జద్దివేళ యని పేరు వచ్చినది. గడియారమున నెనిమిదో తొమ్మిదో యని చెప్పుటకు ముందు తెలుఁగుపల్లె యన్నముపేరఁ బ్రొద్దు లెక్కించినది. పెద్దల మాట చద్దిమూట యను సామెతలోఁ జద్దికిఁ బాచి యని యర్థము చెప్పినచో సామెత యేమగునో టిప్పణకారు లాలోచింపవలెను. ఇడ్లీయు నుప్మాయు నుదయపు బల్లల నాక్రమించినపిదప చద్ది యిండ్లనుండి వెడలి, యిటీవల కొన్ని భోజనశాలలలో మట్టిముంతలలో వెలకు దొరకుచున్నది. పల్లెలో వెలలేనిది పట్టణమున వెలగలది యైనది. అయినను బుస్తకములలో మాత్ర మింకను బాచియే.

బొమ్మలు వేయువారికి నొక మాట. పిల్లల భాగవతమునఁ గృష్ణుని వ్రేళ్లసందున నెఱ్ఱని యావకాయ గీసినచోఁ జూచుటకు నింపుగానే యుండును. కాని మిరపకాయ పోర్చుగీసువారి వెంట పదునాఱవ శతాబ్దమున మన దేశమునకు వచ్చినది. పోతన్న యెఱిఁగిన యూరుఁగాయకు కారము మిరియములదో యల్లముదో యావాలదో కావలెను. దాని వన్నె యెఱుపు గాదు. మామిడి, నిమ్మ, యుసిరిక, వాక్కాయ యేదైన గీయవచ్చును. అంతకన్న నవసరమైనది, నాలుగు వ్రేళ్లకు నడుమనున్న మూఁడు సందులలో మూఁడు వేఱు ముక్కలు గీయుట. కొసరి తెచ్చినవాని కొకటితోఁ దృప్తి లేదు.

పెద్దల విందులు మన కావ్యములలోఁ గొల్లలు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుఁడు వచ్చిన వైష్ణవులకు ఋతువు ననుసరించి పెట్టిన భోజనములు జగత్ప్రసిద్ధములు. వానకాలపు వరుగులును వడియములును గృష్ణరాయలవంటి చక్రవర్తి కెట్లు తెలిసెనాయని యాశ్చర్యము గొలుపును. కాని యచ్చటఁ దినువారు కనఁబడరు. పెట్టువాని భక్తియుఁ, బెట్టినవాని పట్టికయు మాత్రమే కనఁబడును. పిల్లలకై పాడిన పాటలలోఁ దిండి వేఱొక పని చేయును. తాళ్లపాక యన్నమాచార్యుఁడు చందమామను బిలిచిన పాటలోఁ బైఁడిగిన్నెలోని వెన్నపాలు బిడ్డను మఱపించుటకై చెప్పఁబడినవి. చందమామ రాఁడు, బిడ్డ నోరు తెఱచును. పాట నిజముగా మధురమైనదే, కాని యా తిండి యెఱ. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున గొడగూచికథ దీనికిఁ దలక్రిందు. తండ్రి యూరికిఁ బోవుచు శివునకుఁ బాలు నివేదింపుమని చెప్పఁగా, నా చిన్నది పాలు దేవునిముందుఁ బెట్టి, యతఁడు త్రాగకున్న నేడ్చి త్రాగించినది. అచ్చట బిడ్డయే తల్లి, దేవుఁడే మారాము చేయు శిశువు. అయినను నచ్చటి పాలు భక్తి కెఱ కాకపోలేదు.

నేఁటి బాలల పుస్తకములలోఁ దిండి తఱచుగా నీ యెఱగానే యుండును. బుద్ధిమంతునకు లడ్డు దొరకును, దొంగకు దొరకదు. పంచుకొన్నవాఁడు మెచ్చుకోలు పొందును. ఆశపడినవానికిఁ గడుపునొప్పి వచ్చును. పోతన్న చల్దులలో దొంగకుఁ గూడ నవ్వే ఫలము. ఐదాఱుగురి పాలు దిన్నవానికి నజీర్ణము చేసినట్లు కవి చెప్పలేదు. నీతివాక్య మొక్కటి యున్నదన్నచో, నది పంపకమును గూర్చి పాత్ర చెప్పినదే కాని కవి చెప్పినది గాదు. బాలసాహిత్యమున నింతకన్నఁ గావలసిన గుణము లేదు; ఇంతకన్న నరుదైనదియు లేదు.

ఆఁడుబిడ్డల విందును గూర్చి పోతన్నయే మఱియొకచోట నొక్క మాటతోఁ జెప్పెను. రుక్మిణీకల్యాణ కథారంభమున బాలయైన రుక్మిణి బొమ్మలపెండ్లిండ్లు చేసి, గుజ్జెనగూళ్లు వండించి చెలులకుఁ బెట్టించును. మూలమున రుక్మిణి యాటలు లేవు. కృష్ణుని గుణములు వినుటయే కలదు. ఈ బాల్యము తెలుఁగుకవి యిచ్చినది. గుజ్జు పొట్టి, కూడు బహువచనమునఁ గూళ్లు, సమాసమునఁ గకారమునకు గకారము వచ్చినది. చిన్నికూళ్లు, ఆటకూళ్లు నని యర్థము. పొట్టియను నర్థము గల గుజ్జుశబ్దమును సంస్కృత కుబ్జశబ్దమునకుఁ బ్రాకృతరూపమైన ఖుజ్జతో ముడిపెట్టుటకు వీలు గలదు. పిడికెఁడు బియ్యము, బెల్లపుముక్క, అటుకులు, వేయించిన సెనగపప్పు. ఇవి దొరకనినాఁ డిసుకయు నాకులును. తినుట కొఱ కైనదో, తినినట్లు నటించుట కైనదో పిల్లలకుఁ దెలియును, పెద్ద లడుగరాదు.

చల్దివిందు పాఠ్యపుస్తకముల కెక్కినది. గుజ్జెనగూళ్లు నిఘంటువులలో మిగిలినవి. బాలురు చదువుటకు, బాలికలు వండుటకు నేర్పఱిచిన కాలమున నిట్లు జరుగుట వింత గాదు. బాలికలును జదువుచున్న యీ కాలమునఁ గూడ నా మాటను దిరిగి తెచ్చిన పుస్తకము లరుదు. మాట పోయినను సామగ్రి పోలేదు. లక్కపిడతలు తీర్థములలో నింకను దొరకును. అనకాపల్లిజిల్లాలోని యేటికొప్పాకలో నంకుడుకఱ్ఱను దరిమెనపట్టి, లక్కరంగు లద్ది చేయు బొమ్మలకు 2017లో భౌగోళికసూచిక లభించినది; అందుఁ బొయ్యి, కుండ, గరిటెలతోఁ గూడిన చిన్నివంటయిల్లును గలదు. చింతా దీక్షితులు పిల్లలకై వ్రాసిన గ్రంథమునకు లక్కపిడతలని పేరు పెట్టెను. గ్రంథమునకుఁ బిల్లల వంటసామానుపేరు పెట్టుట తెలుఁగున నంతకన్న సార్థకమైన నామకరణములలో నొకటి.

బడిలో నీ చల్దిపద్యములు చెప్పునప్పుడు చివరిమాటనుండి వెనుకకుఁ బోవు పద్ధతి యొకటి గలదు. యజ్ఞభోక్త యైనవాఁడు శైశవము మెఱయఁ జల్ది గుడిచెనని మూలమునఁ దెలుఁగునఁ గూడఁ గలదు గావున, ఉపాధ్యాయుఁడు మొదటనే యాతఁ డీశ్వరుఁడని, చల్ది జీవుల కర్మశేషమని, చెలికాండ్రు జీవాత్మలని చెప్పి ముగించును. అట్టి యర్థములు పెద్దల గోష్ఠిలో నుండఁదగినవి; వానిని గాదనుట లేదు. కాని దేవతలు వెఱఁగుపడినది యజ్ఞభోక్త చల్ది తినుటకుఁ గాని, చల్ది యజ్ఞ మగుటకుఁ గాదు. ముందు ముద్ద ముద్దగా నుండవలెను. ఊరుఁగాయ నాలుకను నీ రూరింపవలెను. అప్పుడు గాని వెఱఁగునకుఁ జోటు లేదు. మొదటనే ముద్దను వేదాంతముచేసినచోఁ జివరకు మిగులునది వేదాంతమును గాదు, ముద్దయుఁ గాదు. కవి క్రమము కవిదే; పిల్లల కా క్రమముననే చెప్పుట మేలు.

ఈ విందు తుదిభాగమును జాలమంది కథకులు విడిచిపెట్టుదురు. తినుచుండఁగా లేఁగలు కనఁబడలేదు. చెలికాండ్రు బెదరిరి. మీరు తినుట మానకుఁడు, నేను వెదకి తెత్తునని కృష్ణుఁడు లేచెను. మూలమున నతఁడు చేతిముద్ద చేతనుండఁగనే కొండలలోను గుహలలోను బొదరిండ్లలోను వెదకఁబోయెను. బ్రహ్మ లేఁగలను బాలకులను దాఁచెను. కృష్ణుఁడు తానే యందఱి రూపములు దాల్చి యొక సంవత్సరము గడపెను. బ్రహ్మ తుదకుఁ గన్నులు దెఱచి చూచునప్పటికిఁ జేతిముద్దతోడ నింకను వెదకుచునే యున్నాఁడు. స్తోత్రారంభమున బ్రహ్మ యతని కొమ్మును, కోలను, పిల్లనగ్రోవిని జెప్పుచు నా కవళమును గూడఁ జేర్చి చెప్పెను. పిమ్మటఁ గృష్ణుఁ డిసుకతిన్నెకు మరలి రాఁగా, సంవత్సరము గడచినదని యెఱుఁగని పిల్లలకది యరక్షణమువలె నుండెను. వేగముగా వచ్చితివే యని వారు సంతోషించిరి. కాలము లెక్కించినచో నంతకన్నఁ బర్యుషితమైన యన్నము లోకమున లేదు. ఏ స్మృతికారుఁడును దానికి విధి వ్రాయలేదు. నీవు లేక మే మొక్క ముద్దయైనను దినలేదు, ఇటు రమ్ము, కూర్చుండి తినుమని వారు పిలిచిరి. కృష్ణుఁడు నవ్వి, వారితోఁ గూర్చుండి తినెను.